ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఆదివారం ఫిజిక్స్ క్లాసు

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి బడిలో పాఠాలు చెప్పుకుంటున్న నాలాంటివాళ్లకి శ్రీకాకుళంలో స్ట్రింగ్ థియరీ (కణాలన్నీ సన్నటి తీగల కంపనాలేననే సిద్ధాంతం) క్లాసు దొరకడమే గొప్ప. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక మేడ మీద, రిటైరైన లెక్చరర్ మాస్టారొకాయన చెబుతున్నారు. నేను ఆమదాలవలస నుంచి బస్సెక్కి మరీ వెళ్తున్నాను.

మెంబ్రేన్‌కీ స్ట్రింగ్‌కీ (అంటే పొరకీ తీగకీ) ఉన్న చుట్టరికం చెప్పిన క్లాసు మాత్రం అద్భుతం. పొందూరు ఖద్దరు ముక్కని సన్నటి గొట్టంలా చుట్టి, వెనక బెంచీ పిల్లలకి చూపించి, "ఏం కనబడుతోందర్రా?" అన్నారు. "దారం మాస్టారూ!" అన్నారు వాళ్లు. వెంటనే బట్ట పక్కన పెట్టి బోర్డు మీద లెక్క మొదలెట్టారు. సూపర్‌మెంబ్రేన్ (సూపర్‌సిమెట్రీ అనే సౌష్ఠవం ఉన్న పొర) ఉండేది, కాలంతో కలిపి, 11 డైమెన్షన్లలో. అందులో ఒకదాన్ని చిన్న వలయంగా మడిచి, మెంబ్రేన్‌ని దాని చుట్టూ తిప్పితే, 10 డైమెన్షన్లలో టైప్ 2ఏ అనే ఒక రకం స్ట్రింగ్ మిగులుతుంది. డఫ్, హౌ, ఇనామీ, స్టెల్లే అనే భౌతిక శాస్త్రవేత్తలు 1987లో చూపించిన సంగతి ఇది. చుట్టకుండా వదిలేస్తే అదే మెంబ్రేన్ డీ2 బ్రేన్‌గా, పొరలాగే ఉండిపోతుంది. కప్లింగ్ (స్ట్రింగ్‌లు ఒకదానితో ఒకటి కలిసి విడిపోయే బలం) పెరిగేకొద్దీ వలయమూ పెద్దదవుతుంది. 1995లో టౌన్సెండ్, విట్టెన్ చెప్పేదాకా ఆ పదకొండో డైమెన్షన్ స్ట్రింగ్ లెక్కల్లో ఎందుకు తగల్లేదో నాకు అప్పుడు తెలిసింది. ఆ లెక్కలన్నీ కప్లింగ్ తక్కువనుకుని చేసినవే మరి! వీటికి ప్రయోగాల్లో రుజువు ఇంకా దొరకలేదని కూడా మాస్టారు మొదట్లోనే చెప్పేశారు. అది నాకు బాగా నచ్చింది.

ఒక్క లోటుంది. "అయితే మెంబ్రేనే అసలుదా మాస్టారూ?" అని ఒక కుర్రాడు అడిగితే, అవునన్నట్టు తలూపి ముందుకెళ్లిపోయారు. అక్కడ ఆగాల్సింది. స్ట్రింగ్‌ని క్వాంటమ్ లెక్కలో పెడితే ద్రవ్యరాశులు మెట్లు మెట్లుగా వస్తాయి. మెంబ్రేన్‌కి అలా రావు. దాని మీంచి సన్నటి ముళ్లు శక్తి ఖర్చు లేకుండా ఎంత పొడవైనా సాగగలవు. సూపర్‌మెంబ్రేన్ స్పెక్ట్రమ్‌లో (అంటే రాగల ద్రవ్యరాశుల జాబితాలో) మెట్లు ఉండవని డివిట్, లూషర్, నికోలాయ్ 1989లో చూపించారు. ఇది చెప్పకపోతే, స్ట్రింగ్ ఎలా పుట్టిందో తెలుస్తుంది గానీ మెంబ్రేన్‌తో వచ్చే చిక్కు పిల్లలకి తెలియదు. క్లాసయ్యాక అడిగాను. "నిజమేనమ్మా, దసరా సెలవులయ్యాక దానికే ఒక క్లాసు పెడతాను" అన్నారు.

ఫీజు నెలకి ఐదు వందలు, డిగ్రీ పిల్లలకి సగం. నోట్స్ ఇవ్వరు, బోర్డు చిన్నది, రాసింది వెంటనే తుడిచేస్తారు. ముందు బెంచీలో కూర్చోండి. జేఈఈ కోసమైతే వెళ్లొద్దు, అక్కడ ఆ సిలబస్ చెప్పరు.