అమోనియా లీక్ శిక్షణ: ఆన్‌లైన్ కోర్సా, చెన్నై క్లాసా, మన ప్లాంట్‌లోనే డ్రిల్లా?

మార్చి వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. బంగారుపాళ్యం దగ్గర పల్ప్ ఫ్యాక్టరీలో పనిచేసే తమ్ముడొకడు, రేణిగుంట కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ ఒకాయన, పాల చిల్లింగ్ సెంటర్ చూసుకునే పాత స్నేహితుడు... అందరూ అడిగేది ఒకటే. "అన్నా, కూలింగ్‌కి వాడే అమోనియా గ్యాస్ లీకైతే ఏం చేయాలో మావాళ్లకి నేర్పించాలి. ఆన్‌లైన్ కోర్సు చాలా, చెన్నై పంపాలా, ట్రైనర్‌ని ఇక్కడికే పిలిపించాలా?" తోతాపురి మామిడి కాయ దిగిందంటే ఎవరికీ ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, కాబట్టి ఏదైనా ఏప్రిల్ లోపే అయిపోవాలి. ఈసారి మా యూనిట్‌కి కూడా నేనే తేల్చాల్సి వచ్చింది. ఆ తేల్చుకున్న లెక్క ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆన్‌లైన్ సంగతి. చవక, ఎవరి ఫోన్లో వాళ్లు చూసుకోవచ్చు, చివర్లో సర్టిఫికెట్ వస్తుంది. గ్యాస్ స్వభావం, ఎంత మోతాదులో ఎంత ప్రమాదం, లేబుళ్లు చదవడం వంటివి బాగానే నేర్పుతారు. అమోనియా గాలిలో 25 పీపీఎం (పది లక్షల పాళ్ల గాలిలో 25 పాళ్లు) దాటితే షిఫ్టంతా అందులో పనిచేయకూడదని, 300 పీపీఎం ప్రాణం మీదికి తెచ్చే స్థాయి అని తెలియడం అవసరమే. అయితే చాలామంది అమెరికా పద్ధతి '40 గంటల కోర్సు' అనగానే అదే పెద్దదనుకుని డబ్బు కట్టేస్తున్నారు. ఆ 40 గంటలు ప్రధానంగా ప్రమాదకర వ్యర్థాల స్థలాలు శుభ్రం చేసేవాళ్ల కోసం పెట్టినవి, దానికి తోడు మూడు రోజులు పర్యవేక్షణలో పని కూడా చేయాలి. లీకైనప్పుడు స్పందించేవాళ్లకు అదే నిబంధనల్లో వేరే మెట్లున్నాయి. మొదటి మెట్టువాళ్లు చూడాలి, చెప్పాలి, తప్పుకోవాలి. రెండో మెట్టువాళ్లు దూరం నుంచి అదుపు చేయాలి, వాళ్లకు కనీసం 8 గంటలు. దగ్గరికి వెళ్లి లీకు ఆపేవాళ్లకు కనీసం 24 గంటలు. ఏటా మళ్లీ నేర్పాలి. కంప్యూటర్ ముందు కూర్చుని చేసిన కోర్సు ఒక్కటే చాలదని, చేత్తో సాధన చేయించాలని అక్కడి అధికారులే చెప్పారు. ఈ మెట్ల విభజన మాత్రం మనం తీసుకోదగ్గది. మీ దగ్గర ఇరవై మంది ఉంటే ఇరవై మందీ లోపలికి పోవాల్సిన పని లేదు.

చెన్నై క్లాసు దీనికన్నా చాలా నయం. రెండు మూడు రోజులు గట్టిగా పని చేయిస్తారు. బ్రీతింగ్ సెట్ (గాలి సిలిండర్, మాస్క్) భుజానికెత్తించి పొగ గదిలోకి పంపిస్తారు. ట్రైనర్లు కూడా అనుభవం ఉన్నవాళ్లు. కానీ పంపగలిగేది ఇద్దర్నో ముగ్గుర్నో. వాళ్లు నైట్ షిఫ్టులో లేని రోజు లీకైతే? వచ్చే ఏడాది వాళ్లు వేరే కంపెనీకి వెళ్లిపోతే? పోయినేడు మేం పంపిన ఇద్దర్లో ఒకతను ఆరు నెలలకే మానేశాడు. రెండో అతను అక్కడ వేసుకున్న సెట్ ఒక కంపెనీది, మా గోడకున్నది ఇంకో కంపెనీది. బకిల్స్ ఎక్కడున్నాయో వెతుక్కోవడానికే టైమ్ పట్టింది.

అందుకే ఈ ఏడాది ట్రైనర్‌ని ప్లాంట్‌కే పిలిపించాం. ఇద్దర్ని చెన్నై పంపి, అక్కడ ఉంచే ఖర్చుతో ఇంచుమించు మా అందరికీ రెండు రోజులు ఇక్కడే జరిగింది.

మొదటి రోజు సాయంత్రం ఆయన కంప్రెసర్ గది బయట నిలబడి, "సెట్ వేసుకోండి" అని స్టాప్‌వాచ్ నొక్కారు. మా షిఫ్ట్ ఇన్‌ఛార్జికి ఆరు నిమిషాలు దాటింది. స్ట్రాప్ మెలిక పడింది, సిలిండర్ వాల్వ్ సగమే తిప్పాడు. ఐదోసారికి రెండు నిమిషాల్లోపు వచ్చేశాడు. తర్వాత ఆపరేటర్ వంతు. అతను తిరుమల మొక్కు కోసం గడ్డం పెంచుతున్నాడు. మాస్క్ బిగించి, గొట్టానికి అరచేయి అడ్డం పెట్టి గాలి పీల్చమన్నారు. మాస్క్ ముఖానికి అతుక్కోవాలి. అతుక్కోలేదు. దవడ పక్కన గడ్డం సందుల్లోంచి గాలి బుస్సుమని లోపలికి వస్తోంది. అక్కడ గాలి వచ్చిందంటే రేపు అమోనియా కూడా అక్కడే వస్తుంది. మొక్కు అతనిది, దాన్ని ఎవరూ కాదనలేరు, కాదనకూడదు. కాబట్టి మొక్కు తీరేదాకా అతన్ని లోపలికి పోయే జట్టులోంచి తీసి, కింగ్ వాల్వ్ (ద్రవ అమోనియా వెళ్లే ప్రధాన వాల్వ్) బయటినుంచి కట్టేసే పని ఇచ్చాం. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాలలో ఉండేవాళ్లు మన జిల్లాలో ఎంతమందో మీకు తెలుసు. ఆ నెలల్లో లోపలికి పోయేవాళ్ల జాబితా వేరేగా రాసుకోవాలని మాకు అప్పుడే తట్టింది. ఏ ఆన్‌లైన్ కోర్సూ ఇది చెప్పదు.

రెండో రోజు సైరన్ మోగించి అందర్నీ బయటికి రమ్మన్నాం. అందరూ గేటు దగ్గర, 'ఇక్కడ చేరాలి' అని గుర్తుగా పెట్టిన పచ్చ రంగు బోర్డు కిందికి పరిగెత్తారు. ట్రైనర్ పైకప్పు మీద కట్టిన గుడ్డ వైపు చూపించారు. గాలి సరిగ్గా కంప్రెసర్ గది మీదుగా గేటు వైపే వీస్తోంది. అసలు లీకై ఉంటే గ్యాస్ వెళ్లే చోటికే మేం మనుషుల్ని పోగేశాం. ఇప్పుడు వెనక గోడ దగ్గర రెండో చోటు గుర్తు పెట్టాం. గుడ్డ ఎటు ఎగిరితే దానికి ఎదురు వైపు పోవాలని అందరితో చెప్పించాం, కాయలు ఏరే ఆడవాళ్లతో సహా. వాళ్లలో సగం మందికి తమిళమే దగ్గర, లోడింగ్ కుర్రాళ్లకు హిందీ. ఇంగ్లీషు స్లైడ్లతో వాళ్లకు ఏం ఎక్కుతుంది?

ఇంకో మాట. అమోనియా ఆవిరి గాలికన్నా తేలిక, పైకి పోతుంది అని చదివినవాళ్లు వంగి నడిస్తే చాలనుకుంటారు. పైపులోంచి ద్రవంగా చిమ్మినప్పుడు అది మైనస్ 33 డిగ్రీల దగ్గర మరుగుతూ, చల్లటి తెల్ల మంచులా నేలబారుగానే పాకుతుంది. ఆవిరి మీద నీళ్లు చిలకరిస్తే లాక్కుంటాయి, నిజమే. కింద చేరిన ద్రవం మీద మాత్రం నీళ్లు కొట్టకూడదు, ఇంకా ఎక్కువ ఆవిరి లేస్తుంది. మా హోస్ ఎక్కడిదాకా అందుతుందో, ఏ మూల నుంచి కొట్టాలో యార్డులో నిలబడితేనే తెలిసింది.

నాకు ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. పదేళ్ల కిందట వేరే కోల్డ్ స్టోరేజీలో పనిచేసేటప్పుడు ఆయిల్ డ్రెయిన్ చేస్తుండగా వాల్వ్ ఇరుక్కుపోయింది. ఆపరేటర్ వెనక తలుపులోంచి బయటపడ్డాడు. అతను లోపలే ఉన్నాడనుకుని హెల్పర్ కుర్రాడు తడి తువ్వాలు ముఖానికి చుట్టుకుని లోపలికి పరిగెత్తాడు. బ్రీతింగ్ సెట్ ఆఫీసు బీరువాలో ఉంది, తాళం స్టోర్ కీపర్ జేబులో ఉంది, స్టోర్ కీపర్ ఇంటికి వెళ్లిపోయాడు. పిల్లవాడు బతికాడు గానీ ఒక కంటి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. అంతకు ముందు నెలలోనే అతనికి భద్రతా శిక్షణ సర్టిఫికెట్ ఇచ్చారు. తలలు లెక్కపెట్టే పని ఒకరికి అప్పగించి ఉంటే అతను లోపలికి పోయేవాడే కాదు.

2020 మే 7న విశాఖలో స్టైరీన్ అనే విష రసాయనం లీకైంది తెల్లవారుజామున. సైరన్ మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీ తేల్చింది. అదే ఏడాది ఆగస్టులో మన పూతలపట్టు మండలంలో పాల డెయిరీలో అమోనియా లీకై ఆస్పత్రి పాలైన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. కాబట్టి పగటిపూట, జనరల్ షిఫ్టుకి, ఆపరేటర్లకు మాత్రమే చేసే డ్రిల్ నా దృష్టిలో సగం పనే. 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు నిల్వ పరిమితి దాటిన పెద్ద యూనిట్లకు ఆరు నెలలకొక మాక్ డ్రిల్ తప్పనిసరి చేశాయి. మనలాంటి చిన్నవాళ్లు ఆ లెక్కలోకి రాకపోయినా ఆరు నెలల పద్ధతి పెట్టుకోవడం మంచిది.

మిగతావి: ఫైర్ స్టేషన్ వాళ్లను పిలిస్తే వస్తారు, మంటలు ఆర్పడం బాగా చూపిస్తారు, పరిచయం కూడా అవుతుంది, పిలవండి. మాస్కులు అమ్మేవాళ్ల ఉచిత డెమో అరగంట. యూట్యూబ్ వీడియోలు శిక్షణ కింద లెక్క రావు.

ఒక్కచోట నా మాట మారుతుంది. మీది నీటి శుద్ధి ప్లాంట్ అయి, 900 కిలోల క్లోరిన్ టన్నర్లు (పెద్ద సిలిండర్లు) వాడుతుంటే ముందు ఇద్దర్ని బయటి క్లాసుకి పంపండి. లీకైన టన్నర్‌కి కిట్‌తో మూత బిగించడం ఖాళీ టన్నర్ మీద పదిసార్లు చేస్తేనే చేతికి వస్తుంది, ఆ ఏర్పాటు మన దగ్గర దొరకడం కష్టం. క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు, గుంటల్లో నిలుస్తుంది, 10 పీపీఎం దగ్గరే ప్రాణాపాయం. అక్కడ నేర్చుకునే అవకాశం రెండోసారి రాకపోవచ్చు.

మా సెట్లు ఇప్పుడు కంప్రెసర్ గది బయట, గాలికి ఎదురు వైపు గోడకు, తాళం లేని అద్దాల పెట్టెలో ఉన్నాయి. తర్వాతి డ్రిల్ జూన్ రెండో వారంలో, కాయ దిగుతున్న రాత్రి, రెండు గంటలకు పెట్టాం. మేనేజర్‌కి తప్ప ఎవరికీ తేదీ చెప్పలేదు.