టాబ్లెట్‌కి కస్టమ్ రోమ్ ఎక్కించి రెండేళ్లు: స్పీడు వచ్చింది, బొమ్మ పోయింది

కస్టమ్ రోమ్ అంటే కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి వేసుకునే బయటివాళ్ల ఆండ్రాయిడ్. దానికోసం బూట్‌లోడర్ (టాబ్లెట్ ఆన్ కాగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రామ్) ఎలా అన్‌లాక్ చేయాలో, రికవరీ (కొత్త సిస్టమ్ ఎక్కించడానికి వాడే చిన్న మెనూ) ఎలా ఎక్కించాలో నేను చెప్పను. ఆ పనికి దిగేవాళ్లు అవన్నీ ఎప్పుడో చదివేసి ఉంటారు. నాకు రెండేళ్లయినా చల్లారని మంట ఒకటుంది, దాని గురించే ఈ సమీక్ష.

కంపెనీ అప్‌డేట్లు ఆపేశాక నా పది అంగుళాల టాబ్లెట్ నత్తనడకకి దిగింది. లీనియేజ్ ఓఎస్ అనే కస్టమ్ రోమ్ ఎక్కించిన రోజు దానికి ప్రాణం లేచొచ్చింది. తీసేద్దామంటే పోని యాప్‌ల పీడ వదిలింది. పెద్ద తెరల కోసం వచ్చిన ఆండ్రాయిడ్ 12ఎల్ టాస్క్‌బార్ కింద వచ్చి కూర్చుంది. మూడు రోజులు పక్కన పడేసినా చార్జింగ్ నిలిచేది. కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నాను.

వారం తర్వాత ఓ రాత్రి సినిమా పెట్టాను. మొహాలన్నీ ఆవిరి పట్టిన అద్దంలోంచి చూసినట్టున్నాయి. సబ్‌టైటిల్స్ మాత్రం కత్తిలా ఉన్నాయి! ముందు వైఫైని అనుమానించాను. రౌటర్ ఆపి వేశాను, యాప్ తీసేసి మళ్లీ వేశాను. అదే సీన్ ఫోన్లో పెడితే శుభ్రంగా వస్తోంది. గంటన్నర కుస్తీ పట్టాక, డీఆర్‌ఎమ్ (వీడియోలు కాపీ కాకుండా వేసే తాళం) వివరాలు చూపించే చిన్న యాప్ ఒకటి వేస్తే వైడ్‌వైన్ (గూగుల్ వాళ్ల డీఆర్‌ఎమ్) దగ్గర ఎల్3 అని కనపడింది. స్టాక్‌లో, అంటే కంపెనీ ఇచ్చిన అసలు సాఫ్ట్‌వేర్‌లో, ఎల్1 ఉండేది. ఎల్1లో వీడియో తాళం తీసే పని ప్రాసెసర్‌లోని సురక్షిత భాగంలో జరుగుతుంది, ఎల్3లో ఉత్త సాఫ్ట్‌వేర్‌లో. అందుకే చాలా స్ట్రీమింగ్ యాప్‌లు ఎల్3 అయితే బొమ్మని 480పీ నాణ్యత దాటనివ్వవు. కొన్ని మోడళ్లలో అన్‌లాక్ చేసినా ఎల్1 ఉంటుంది. నాదాంట్లో పోయింది. డేటా చెరిగిపోతుందని కంపెనీ ఎర్రక్షరాల్లో హెచ్చరించింది గానీ, ఈ ముక్క ఎక్కడా చెప్పలేదు.

ఒకసారి స్టాక్‌కి వెనక్కెళ్లి, బూట్‌లోడర్ మళ్లీ లాక్ చేశాను. (కస్టమ్ రోమ్ ఉండగా ఆ పని చేయకండి, టాబ్లెట్ ఆన్ కాకుండా ఇటుకైపోవచ్చు.) ఎల్1 తిరిగొచ్చింది, బొమ్మ నిగనిగలాడింది. కానీ నోటిఫికేషన్ తెర లాగితే వేలు కిందికొచ్చేశాక అది తీరిగ్గా దిగేది. పది రోజులు ఓర్చుకుని మళ్లీ లీనియేజే ఎక్కించాను.

అన్నట్టు, మూడు రోజుల చార్జింగ్ అన్నాను కదా. అప్పటికి అందులో ఉన్నవి నాలుగు యాప్‌లే, మెయిల్ సింక్ కూడా పెట్టలేదు. అన్నీ వేసుకున్నాక రెండు రోజులకి దిగింది. వెనక్కెళ్లిన ఆ పది రోజుల్లో, ఖాళీగా ఉన్న స్టాక్ కూడా రెండున్నర రోజులు లాగింది. కెమెరా కూడా కాస్త నీరసించింది, టాబ్లెట్‌తో ఫొటోలు తీసే అలవాటు లేదు కాబట్టి పట్టించుకోలేదు.

నేను ఎక్కువగా పీడీఎఫ్‌లు చదువుతాను, బ్యాంకు పనులు ఫోన్లో, సినిమాలు టీవీలో. కాబట్టి నాకు సరిపోయింది. టాబ్లెట్‌లోనే సినిమాలు చూసేవాళ్లు ముందు తమ మోడల్‌లో ఎల్1 నిలుస్తుందో లేదో కనుక్కోండి. మా అమ్మ దగ్గరా ఇదే మోడల్ ఉంది. ఆవిడ సీరియళ్లన్నీ అందులోనే. "నాదీ నీదానిలా స్పీడుగా చేసిపెట్టరా" అని రెండుసార్లు అడిగింది. ఇంకా దాని జోలికి పోలేదు.