హనుమకొండలో ఒక ప్రాథమిక పాఠశాల: కళల బోధనపై సమీక్ష

మా పాప నాలుగో తరగతి చదువుతున్న పాఠశాలలో ఇటీవల పిల్లల కళాకృతుల ప్రదర్శన పెట్టారు. అన్నిటికన్నా నాకు నచ్చింది చేర్యాల ఊరి సంప్రదాయ మాస్కుల బల్ల. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో పిల్లలే చేసిన ఆ ముఖాల్లో ఏ రెండూ ఒకేలా లేవు. ఒకదానికి ముక్కు పక్కకు ఒరిగింది, మరొకదాని బుగ్గ మీద చిన్న వేలిముద్ర అలాగే ఆరిపోయింది. టీచరు వాటిని సరిదిద్దకుండా వదిలేయడం ఎంతో మెచ్చుకోదగినది. కాకతీయుల కాలపు పేరిణి నృత్యం అడుగులు నేర్పే ముందు పిల్లలను పాలంపేట తీసుకెళ్లి, రామప్ప గుడిలోని నర్తకీ శిల్పాల భంగిమలను గీయించడం కూడా మంచి ఆలోచన.

గోడల మీది డ్రాయింగులు మాత్రం నిరాశపరిచాయి: అందరివీ అవే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు.

కళలకు వారానికి ఒక్క పీరియడే ఉంది, పరీక్షలు దగ్గరపడితే అదీ లెక్కలకు పోతుంది. విద్యాహక్కు చట్టం, 2009లోని షెడ్యూలు, ఆరో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకు, వందకు మించి పిల్లలున్న చోట మాత్రమే పార్ట్‌టైమ్ కళాబోధకులను నిర్దేశించింది. ఐదో తరగతి వరకు పిల్లలకు ఆ ఊసే లేదు. 2020 జాతీయ విద్యావిధానం కళలతో ముడిపడిన బోధనను కోరుతున్నా, ఆ భారం తరగతి టీచరు మీదే పడుతోంది.

రంగులు, కాగితాలు బడే ఇస్తుంది. పిల్లలను చేర్పించదలచినవారు కళల పీరియడు ఫిబ్రవరిలోనూ జరుగుతుందో లేదో ముందే అడిగి తెలుసుకోవాలి.