పండుమిర్చి ఎరుపు పట్టిన లైటు: నాలుగేళ్లు వాడాక

గుంటూరు బ్రాడీపేటలో ఒక మెస్‌కి మెనూ ఫొటోలు తీస్తూ పండుమిర్చి పచ్చడి దగ్గర ఆగిపోయాను. కంటికి నిగనిగలాడుతున్న ఎరుపు కెమెరాలో ఇటుకపొడి రంగులో పడుతోంది. ఓనరు చూసి, "ఇది మా పచ్చడి కాదండీ" అన్నారు. ఆ మాట మనసులోంచి పోలేదు. పాత ఎల్‌ఈడీ ప్యానెల్ పక్కన పెట్టి 60 వాట్ల సీఓబీ లైటు (చిన్న ఎల్‌ఈడీలన్నీ ఒకేచోట కూర్చిన లైటు), దాని వెలుగుని మెత్తబరిచే 60 సెంటీమీటర్ల తెల్లగుడ్డ పెట్టె, అంటే సాఫ్ట్‌బాక్స్, కొన్నాను. నాలుగేళ్లుగా విజయవాడలో అయినా, గుంటూరులో అయినా ఈ రెండే నాతో వస్తున్నాయి.

పాత ప్యానెల్ డబ్బా మీదా సీఆర్ఐ (వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో నూటికి చెప్పే అంకె) 90కి పైనే అని ఉండేది. తర్వాత తెలిసింది, ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు మాత్రమేనని. ముదురు ఎరుపు ఎంత బాగా పడుతుందో చెప్పేది ఆర్9 అనే వేరే అంకె, అది ఆ సగటులో కలవదు. ఆవకాయ, ఉల్లికారం, కోడి వేపుడు... మన విస్తరిలో సగం ఎరుపే కదా! అందుకే ఆర్9 ఎంతో చెప్పని లైటు నేను కొనను. ఈ లైటుకి అది 90 దాటింది. పచ్చడి పచ్చడిలాగే పడుతోంది.

లైటు ఎంత మంచిదైనా ఎదురుగా పెడితే కూర చప్పగా కనిపిస్తుంది. పళ్లెం గడియారం అనుకుంటే, మనం ఆరు దగ్గర నిలబడి లైటుని పది దగ్గర పెట్టాలి. పైకి తేలిన నూనె అప్పుడే మెరుస్తుంది. కుడిపక్క నీడని తగ్గించడానికి తెల్ల థర్మాకోల్ ముక్క చాలు. గోంగూర మాంసానికి మాత్రం అక్కడ నల్ల చార్టు పెడతాను, నీడ ముదిరి ముక్క ముక్కగా విడివిడిగా కనిపిస్తుంది. సాఫ్ట్‌బాక్స్ పళ్లానికి రెండడుగుల లోపే ఉండాలి. దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది, నీడల అంచులూ గట్టిపడతాయి.

ఫొటోలో ఆవిరి పడాలంటే వెనక నుంచి వెలుగు, దాని వెనక చీకటి ఉండాలి. విజయవాడ మే నెల వేడిలో బిర్యానీ ఆవిరి ఇట్టే మాయమవుతుంది. ఖాళీ గిన్నె పెట్టి ఫ్రేము, ఫోకస్ అన్నీ సరిచూసుకున్నాకే, ఫ్యాను ఆపి, వేడి గిన్నె తెప్పించండి.

తడి అరిటాకు మీద తెల్లటి మెరుపుని పోలరైజర్ ఫిల్టర్ (లెన్సు ముందు బిగించే, ప్రతిఫలించే వెలుగుని ఆపే అద్దం) తగ్గిస్తుంది. స్టీలు పళ్లెం మీద అది పనిచేయదు. పళ్లెంలో థర్మాకోల్ తెలుపే ప్రతిబింబించేలా జరుపుకోవడం తప్ప దారి లేదు.

హోటల్లో ట్యూబులైట్లు ఆపించండి, రెండు రకాల వెలుగు కలిస్తే అన్నం ఒకవైపు ఆకుపచ్చగా తేలుతుంది. జనం భోంచేస్తుంటే ఆపలేం. అప్పుడు కెమెరా షట్టర్ వేగం 1/50 సెకను గానీ 1/100 గానీ పెడితే ఫొటోలో చారలు రావు, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి.

లోపాలున్నాయి. లైటులోని ఫ్యాన్ చప్పుడు వీడియోలో వినిపిస్తుంది. రెండో ఏడాదికే స్టాండు మర వదులైంది. మధ్యాహ్నం కిటికీ పక్కన ఎండ ముందు 60 వాట్లు ఆనవు, తెర వేయాల్సిందే. ఇది పాడైతే మళ్లీ ఇదే రకం కొంటాను, కాకపోతే 100 వాట్లది.