నాలుగేళ్లుగా వైర్‌గార్డ్: రాజోలు నుంచి ముంబై దాకా నా సొంత టన్నెల్

మా కేబుల్ కుర్రాడు నెట్ బిల్లుకి వచ్చి గుమ్మంలోనే, "ఆయ్, రాత్రి రెండింటిదాకా మేలుకునే ఉంటున్నారేంటండీ, ఆ షేర్ల సైట్లు తెగ చూసేస్తున్నారు" అన్నాడు. కుర్రాడు మంచోడే, నవ్వుతూనే అన్నాడు. కానీ షేర్లలో ఎంత పోయిందో ఇంట్లో ఇంకా చెప్పని రోజులవి. కాఫీ తెచ్చిన మా ఆవిడ గ్లాసు నా చేతికివ్వకుండా మళ్లీ వంటింట్లోకి పట్టుకెళ్లిపోయింది.

ఇది 2021 నాటి మాట. ఆ వారంలోనే ముంబైలో ఒక చిన్న సర్వర్, అంటే ఎప్పుడూ నెట్‌లో ఉండే కంప్యూటర్, అద్దెకి తీసుకుని దాంట్లో వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రాం పెట్టుకున్నాను. మన నెట్‌ని ముసుగేసి ఆ సర్వర్ దాకా చేర్చే దారి, అంటే టన్నెల్, అది కడుతుంది. నాలుగేళ్లు దాటింది, రోజూ వాడుతున్నాను.

తాళం గుర్తున్న సైట్లే కదా, ఎవరికేం కనపడుతుందిలే అని అంతకుముందు నేనూ అనుకునేవాణ్ణి. పేజీలో ఏముందో, పాస్‌వర్డ్ ఏమిటో కనపడదు, నిజమే. సైటు పేరు మాత్రం కనపడుతుంది. ఆ పేరుకి ఐపీ నంబరు (నెట్‌లో దాని చిరునామా) అడిగే డీఎన్ఎస్ ప్రశ్న మామూలుగా ఏ ముసుగూ లేకుండానే వెళ్తుంది. తాళం పడేలోపు బ్రౌజర్ పంపే మొదటి పలకరింపులో కూడా చాలావరకు సైటు పేరు ఉంటుంది. లైను ఎవరిదైతే వాళ్లు చదువుకోవచ్చు.

టన్నెల్ అంటే ఏంటో మా వైపు వాళ్లకి చెప్పడం తేలిక. పి.గన్నవరం దగ్గర అక్విడక్టు చూశారుగా. కింద వైనతేయ పారుతుంటుంది, పైన కాలువ నీళ్లు మా వైపు వస్తుంటాయి. నది దాటుకునే వస్తాయి కానీ నదిలో చుక్క కలవదు. నా నెట్ కూడా అంతే. కేబుల్ వాళ్ల లైను మీదుగానే వెళ్తుంది, ముంబై సర్వర్లో దిగాకే బయటి ఇంటర్నెట్‌లో పడుతుంది. మధ్యలో వాళ్లకి తెలిసేది ముంబై సర్వర్ ఐపీ నంబరొక్కటి, ఎంత డేటా పోయిందన్న లెక్క, ఏ టైముకి పోయిందన్నది. అంటే రాత్రి రెండింటిదాకా మేలుకున్న సంగతి ఇప్పటికీ దాగదు.

మొదట్లో ఎస్ఎస్‌హెచ్ (దూరాన ఉన్న సర్వర్లోకి లాగిన్ అయ్యే పద్ధతి) టన్నెల్‌తో సరిపెట్టుకుందామనుకున్నాను. ఒక్క కమాండ్ కొట్టి, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లో సాక్స్ ప్రాక్సీ (నెట్‌ని ఆ టన్నెల్లోకి మళ్లించే సెట్టింగు) పెట్టుకుంటే అయిపోతుంది. డీఎన్ఎస్ కూడా అందులోంచే పంపమని చెప్పే గడి ఒకటుంటుంది, అక్కడ టిక్ పెట్టడం మర్చిపోకూడదు. పని చేసింది కానీ బ్రౌజర్ వరకే, పైగా నెట్ కాస్త తడబడితే తెగిపోయేది. మా దగ్గర గాలి వేస్తే కొబ్బరి మట్ట వైరు మీద పడడం వార్తే కాదు. రౌటర్ ఆగడం, నేను ఫోన్ హాట్‌స్పాట్‌కి మారడం, టన్నెల్ మళ్లీ మొదటినుంచి కట్టుకోవడం. వైర్‌గార్డ్‌లో ఈ గోల లేదు. రెండు వైపులా ఒకరి కీ (గుర్తింపుకి వాడే తాళంచెవి లాంటిది) ఒకరికి తెలిస్తే చాలు, పేకెట్ (డేటా ముక్క) ఏ దారిన వచ్చినా కీ సరిపోతే తీసుకుంటుంది. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా పేజీ ఆగకుండా వస్తుంటే మొదటిసారి నిజంగా ముచ్చటేసింది. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అనే ఆయన రాసిన ఈ ప్రోగ్రాం దాదాపు 4,000 లైన్లే. 2020 మార్చిలో లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్ 5.6లోనే కలిసిపోయింది, అందుకే ఉబుంటు సర్వర్లో పెట్టుకోవడానికి పెద్ద తతంగం ఏమీ ఉండదు.

అలాగని పది నిమిషాల్లో అయిపోయిందనుకోకండి, నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. 44 అక్షరాల కీ ఒకటి సర్వర్‌కి, ఒకటి లాప్‌టాప్‌కి తయారు చేసి రాయాల్సినట్టే అటుదిటు, ఇటుదటు రాశాను. హ్యాండ్‌షేక్, అంటే రెండు వైపులా ఒకరినొకరు గుర్తుపట్టడం, కుదరలేదు. చూస్తే, సర్వర్ లోపల ఫైర్‌వాల్ (వచ్చేపోయే డేటాకి కాపలా) తెరిచాను గానీ సర్వర్ ఇచ్చిన కంపెనీ వెబ్ పేజీలో ఇంకో ఫైర్‌వాల్ ఉంది, వైర్‌గార్డ్ వాడే 51820 యూడీపీ పోర్టు, అంటే దాని తలుపు, అక్కడ కూడా తెరవాలి. అది తెరిచాక హ్యాండ్‌షేక్ వచ్చింది, సైటు మాత్రం ఒక్కటీ తెరుచుకోలేదు. సర్వర్‌కి ఐపీ ఫార్వర్డింగ్ (వచ్చిన పేకెట్‌ని ముందుకి పంపడం) ఆన్ చేయలేదు, నాట్ నియమం (నా పేకెట్లని సర్వర్ నంబరుతో బయటికి పంపమనేది) రాయలేదు. నీళ్లు ముంబై దాకా చేరి అక్కడే నిలిచిపోయాయన్నమాట. మీకూ హ్యాండ్‌షేక్ వచ్చి పేజీ రాకపోతే ముందు ఆ రెండూ చూడండి.

అసలు సిగ్గుపడే విషయం ఇంకోటుంది. నాలుగు నెలలు నేను దాక్కున్నాననే అనుకున్నాను. ఒకరోజు రాజమండ్రి బస్సులో ఫోన్ హాట్‌స్పాట్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, నా ఐపీ చూపించే సైటు ఊరికే తెరిచాను. ఐపీ నంబర్లలో పాతరకం ఐపీవీ4, కొత్తరకం ఐపీవీ6 అని రెండుంటాయి. ఐపీవీ4 కింద ముంబై సర్వర్ నంబరే ఉంది. ఐపీవీ6 కింద నా మొబైల్ కంపెనీ ఇచ్చిన అసలు నంబరు తాపీగా కూర్చుని ఉంది! కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్లో అలౌడ్ ఐపీస్ దగ్గర, అంటే ఏ నంబర్లకి వెళ్లేవి టన్నెల్లోంచి పోవాలో చెప్పే చోట, 0.0.0.0/0 అని రాసి ఊరుకున్నాను. అది ఐపీవీ4 వరకే. ఐపీవీ6 ఉన్న పెద్ద సైట్లన్నీ టన్నెల్‌కి బయటే, దర్జాగా వెళ్తున్నాయి. ఆ పక్కన ::/0 కూడా రాసి, టన్నెల్‌కి రెండు వైపులా ఐపీవీ6 అడ్రసులు ఇచ్చాక గానీ ఆ కన్నం పూడలేదు. అప్పట్నుంచి ఏ మార్పు చేసినా ముందు ఆ సైటు తెరిచి రెండు నంబర్లూ చూసుకుంటాను.

ఎంటీయూ, అంటే ఒక్కో పేకెట్‌కి ఉండే సైజు హద్దు, దాని సంగతి కూడా చెప్పాలి. మా ఇంటి లైను మీద చిన్న పేజీలు టక్కున వచ్చేవి, ఫొటోలున్న పెద్ద పేజీలు సగంలో బిగుసుకుపోయేవి. వారం రోజులు కేబుల్ వాళ్లని తిట్టుకున్నాను, పాపం వాళ్ల తప్పు కాదు. వైర్‌గార్డ్ మామూలుగా పేకెట్ సైజు 1420 బైట్లు పెట్టుకుంటుంది, మా లైనులో అంత పట్టడం లేదు. కాలువ లాకు వెడల్పు కంటే పడవ పెద్దదైతే ఇవతలే ఆగిపోదూ, అలాగే. 1280కి తగ్గించాను, మళ్లీ ఆ బాధ రాలేదు.

స్పీడు మీద ఫిర్యాదు లేదు. 100 ఎంబీపీఎస్ ప్లాన్‌లో 85 దాకా వస్తుంది. ఫోన్ బ్యాటరీ తేడా నాకు తెలియలేదు. 25 సెకన్లకోసారి సర్వర్‌ని పలకరించే కీప్ అలైవ్ లైను మొదట్లో అందరూ రాస్తున్నారని నేనూ రాశాను, ఊరికే బ్రౌజ్ చేసుకునేవాడికి అది అక్కర్లేదని తెలిసి తీసేశాను. అద్దె జీఎస్టీతో కలిపి నెలకి 500 లోపే.

విసిగించేవి లేకపోలేదు. ఒక బ్యాంకు యాప్ వీపీఎన్ కనపడితే తెరుచుకోనే తెరుచుకోదు, దాన్ని ఫోన్లోని వైర్‌గార్డ్ యాప్‌లోనే టన్నెల్ బయట పెట్టేశాను. సర్వర్ల నంబరు నుంచి వచ్చేవాళ్లంటే చాలా సైట్లకి అనుమానం, ట్రాఫిక్ లైట్ల ఫొటోలు గుర్తుపట్టమని ప్రాణం తీస్తాయి.

పాలకొల్లులో మా బావమరిది రొయ్యల మేత వ్యాపారం మీద నెలలో పది రోజులు లాడ్జిల్లోనే ఉంటాడు. లాడ్జి వైఫైలో లెక్కలు చూసుకోవాలంటే టెన్షన్ అంటే, క్యూఆర్ కోడ్ చూపించి వాడి ఫోన్‌కీ ఒక కీ ఇచ్చాను. దుబాయ్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు కూడా అడిగాడు, అక్కడ పోని వాట్సాప్ వీడియో కాల్ కోసం. ఇవ్వలేదు. అక్కడి సైబర్ చట్టంలో, ఐపీ దాచి నేరం చేస్తే జరిమానా 5 లక్షల దిర్హాముల దగ్గర మొదలవుతుంది. "నీ మీద కేసు పడితే నా కొబ్బరి తోట అమ్మినా చాలదురా అన్నయ్యా" అన్నాను. రెండు నెలలు మాట్లాడలేదు, ఫర్లేదు.

ఇలా సొంతంగా పెట్టుకుంటే ఎవరికీ దొరకం అనుకుంటే మాత్రం పొరపాటే. ఆ సర్వర్ నా పేరు మీద, నా కార్డు మీద ఉంది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలే కాదు, ఇలాంటి సర్వర్లు అద్దెకిచ్చేవాళ్లూ కస్టమర్ వివరాలు ఐదేళ్లు ఉంచాలి. డబ్బులిచ్చి కొనే వీపీఎన్ అయితే అంతర్వేది తీర్థంలో నడిచినట్టు, వేలమందిలో ఒకడివి. నాది మాత్రం ఖాళీ గోదాట్లో ఒక్క పడవ, ఎవరు చూసినా నాదే. ఇక గూగుల్‌లో లాగిన్ అయి తిరుగుతూ టన్నెల్ పెట్టుకుంటే గూగుల్‌కి నేనెవరో తెలియకుండా ఎలా ఉంటుంది! కేబుల్ వాళ్ల నుంచి, లాడ్జి వైఫై నుంచి, బస్టాండ్ వైఫై నుంచి కాపాడితే చాలు నాకు. ఆ మేరకు బాగా కాపాడుతోంది.

2022 మేలో అమలాపురం గొడవలప్పుడు మా కోనసీమలో మొబైల్ డేటా ఆపేశారు. "నీ దగ్గర టన్నెల్ ఉందిగా, దాంట్లోంచి నెట్ ఇవ్వు" అని మా వీధిలో ఇద్దరు వచ్చారు. కాలువకి నీళ్లే వదలనప్పుడు అక్విడక్టు ఏం చేస్తుందని వాళ్లకి చెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

సర్వర్ గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది, మళ్లీ కట్టేస్తున్నాను. బావమరిది ఫోన్ నర్సాపురం రైల్లో పోగొట్టుకున్నాడట. వాడి పాత కీ ఇందాకే సర్వర్లోంచి తీసేశాను, కొత్త ఫోన్ కొన్నాక మళ్లీ క్యూఆర్ కోడ్ చూపించాలి.