ఇంటికొచ్చి శాంపిల్ తీసుకెళ్లే ల్యాబ్‌లతో జాగ్రత్త: మా నాన్నగారి పొటాషియం 7.8 అని రిపోర్టిచ్చారు

ఇంటి దగ్గరే రక్తం, యూరిన్ ఇచ్చి ఫోన్‌లో రిపోర్టు చూసుకునేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి. ల్యాబ్ పేరు రాయట్లేదు. ఇక్కడ జరిగింది ఏ ల్యాబ్ మనిషైనా చేసే పనే, కాబట్టి పేరు కన్నా ఆ పనేమిటో తెలియడం ముఖ్యం.

నాన్నగారికి బీపీ, షుగర్ ఉన్నాయి. ఎప్పుడూ చేయించే పరీక్షలే: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫాస్టింగ్ షుగర్, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరుకి), ఎలక్ట్రోలైట్లు (సోడియం, పొటాషియం లాంటి లవణాలు), కాల్షియం, యూరిన్ రొటీన్, యూరిన్ కల్చర్ (బ్యాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్ష). సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. పొటాషియం 7.8, పక్కన ఎర్రటి అక్షరాల్లో క్రిటికల్ అని. మామూలుగా అది 3.5 నుంచి 5 మధ్య ఉంటుంది. 6.5 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఇంకేముంది, ఉన్నవాళ్లం ఉన్నట్టే ఎమర్జెన్సీకి పరిగెత్తాం.

ఈసీజీ మామూలుగా ఉంది. డ్యూటీ డాక్టరు రిపోర్టు కిందికి జరుపుతూ కాల్షియం దగ్గర ఆగారు. 5.1. ఉండాల్సింది 8.5కి పైనే. "ఈ కాల్షియంతో చేతులు కొంకర్లు పోవాలి. ఈయనేమో నాతో కబుర్లు చెబుతున్నారు. రక్తం ఎలా తీశారు?" అని అడిగారు. మళ్లీ తీయించి చూస్తే పొటాషియం 4.3, కాల్షియం 9.2.

రక్తం ఎలా తీశారో మేం కళ్లారా చూశాం. వచ్చినబ్బాయి సిరంజితో లాగి, మూతలు తీసి ట్యూబుల్లో పోశాడు. ముందు ఊదా మూత ట్యూబు నింపాడు. పసుపు మూత దాంట్లోకి వచ్చేసరికి రక్తం చాల్లేదు. ఊదా దాని మూత మళ్లీ తీసి, అందులోంచి కాస్త పసుపు దాంట్లోకి వంచాడు. "అలా పోయొచ్చా బాబూ?" అని అమ్మ అడిగితే "అంతా ఒకటే రక్తం కదా ఆంటీ" అన్నాడు.

రక్తం ఒకటే, ట్యూబులు ఒకటి కావు. ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది, అదీ సాధారణంగా పొటాషియం లవణంగా. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, గడ్డకట్టకపోవడానికి కారణమే అది. సీబీసీకి అదే కావాలి. కానీ పొటాషియం, కాల్షియం చూసేది పసుపు ట్యూబులో. ఆ రక్తం కొంచెం అందులో పడినా పొటాషియం పైకి లేస్తుంది, కాల్షియం కిందికి పడిపోతుంది. మెషిన్ తప్పేమీ లేదు, తనకిచ్చినదాన్ని అది సరిగ్గానే కొలిచింది. సూదిపోటుకి రక్తకణాలు పగిలి పొటాషియం పెరిగితే సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) ఎర్రబడి కనిపిస్తుంది, ల్యాబ్‌వాళ్లు పట్టుకోగలరు. ఈడీటీఏ కలిస్తే కంటికి తేడా తెలియదు.

నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం పొటాషియం కాదు, షుగరు. అది 88 వచ్చింది. ఇంట్లో అందరం సంతోషించాం కూడా. ఆస్పత్రిలో ఆ సంగతి చెబితే, షుగర్‌కి బూడిదరంగు మూత ట్యూబు వాడారా అని అడిగారు. అతని దగ్గర అలాంటిది లేనే లేదు. ఆ ట్యూబులో కణాలు గ్లూకోజ్ వాడేయకుండా ఆపే ఫ్లోరైడ్ ఉంటుంది. అది లేకుండా రక్తాన్ని అలాగే ఉంచేస్తే అందులోని కణాలే గ్లూకోజ్ తినేస్తూ ఉంటాయి, గంటకి సుమారు 5 నుంచి 7 శాతం, వేడిలో ఇంకా ఎక్కువ. ఉదయం ఏడున్నరకి తీసిన రక్తం ల్యాబ్‌కి చేరింది మధ్యాహ్నం పన్నెండు దాటాక. దగ్గరదగ్గర 125 ఉన్న షుగర్ 88గా కనపడటానికి ఆ టైము చాలు. పొటాషియం భయపెట్టింది కాబట్టి ఆరా తీశాం. బాగున్న అంకెని ఎవరు అనుమానిస్తారు? దాన్ని చూసి మందు తగ్గించేవాళ్లుంటారు.

ఇంకో చిత్రం చూడండి. రిపోర్టులో శాంపిల్ తీసిన టైమూ, ల్యాబ్‌కి చేరిన టైమూ రెండూ ఒకే నిమిషం. అంటే చేరాక కూర్చుని రెండూ ఒకేసారి కొట్టేశారన్నమాట. మీ పాత రిపోర్టులు తీసి ఆ రెండు లైన్లు చూడండి.

యూరిన్ సంగతి క్లుప్తంగా చెబుతాను. డబ్బా చేతికిచ్చి పట్టమన్నాడంతే. శుభ్రం చేసుకుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది పట్టాలని చెప్పలేదు. అదీ మిగతావాటితో పాటే సంచిలో ఊరంతా తిరిగింది. కల్చర్‌కిచ్చే యూరిన్ రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, లేదంటే చల్లగా ఉంచాలి. బయట ఉంటే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. చివరికి పలు రకాల బ్యాక్టీరియా కలిసి ఉంది, మళ్లీ శాంపిల్ పంపండి అని రిపోర్టు. మళ్లీ డబ్బు కట్టి!

కాబట్టి తీసేటప్పుడు పక్కనే నిలబడి చూడండి, మొహమాటపడొద్దు. సూది సీలు మీ ఎదుటే విప్పాలి. చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటి ఉంచకూడదు, పిడికిలి పదేపదే బిగించి వదలమనకూడదు. రెండోది కూడా పొటాషియాన్ని పెంచేదే. ట్యూబుల్లో నింపే వరుస: లేత నీలం, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిదరంగు. ఎరుపు, పసుపు కన్నా ముందు ఊదా నింపుతుంటే ఆపండి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఒంపుతుంటే ఆ శాంపిల్ వద్దని అక్కడే చెప్పేయండి. ట్యూబుల్ని మెల్లగా తిరగేయాలి గానీ గట్టిగా ఊపకూడదు. పేరు, టైము మీ ముందే, రక్తం తీసిన వెంటనే రాయాలి. మా దగ్గరికొచ్చినతను కిందికెళ్లి బండి మీద కూర్చుని లేబుళ్లు అంటించుకున్నాడు. ఆ సంచిలో ఇంకెంతమంది ట్యూబులున్నాయో!

ఒక్క మాట మరచిపోవద్దు. ఇది చదివి, పొటాషియం ఎక్కువొస్తే ల్యాబ్ తప్పేలే అని ఇంట్లో కూర్చోకండి. అది నిజమే అయితే ఆగే టైముండదు. ఈసీజీ తీయించి, వేరేచోట వెంటనే మళ్లీ పరీక్ష చేయించాకే తప్పో ఒప్పో తేల్చుకోండి.

ఫిర్యాదు చేస్తే "మా మెషిన్ కేలిబ్రేషన్ పర్ఫెక్ట్‌గా ఉందండీ" అని జవాబు. మెషిన్ గురించి అడిగిందెవరు? ఉచితంగా మళ్లీ తీస్తామన్నారు, పంపబోయేది ఆ అబ్బాయినే. వద్దన్నాం. పాత శాంపిల్‌లోనే మెగ్నీషియం, ఏఎల్‌పీ అనే ఎంజైమ్ చూడమంటే (ఈడీటీఏ కలిస్తే అవీ పడిపోతాయి) అప్పటికే పారేశామన్నారు. మీకు ఇలాంటి అనుమానమొస్తే ఫోన్‌తో సరిపెట్టకండి. రిపోర్టు వచ్చిన రోజే శాంపిల్ పారేయొద్దని రాతపూర్వకంగా మెయిల్ పెట్టండి, ఏ రంగు ట్యూబులో ఏ పరీక్ష చేశారో, శాంపిల్ ఎన్నింటికి చేరిందో అందులోనే అడగండి.