వాన, వరద, నిల్వ చూపే ఉచిత సైట్లు: ఏది దేనికి పనికొస్తుంది

ముందే చెప్పేస్తున్నా, వాన ఎంత పడింది, నదిలో ఎంత పారుతోంది, జలాశయంలో ఎంత నిల్వ ఉంది అనే మూడూ ఒకేచోట నమ్మదగ్గట్టుగా చూపించే ఉచిత సైటు నాకైతే ఇంతవరకు కనపడలేదు. ఒక్కోటి ఒక్క పని బాగా చేస్తుంది, మిగతావి మొక్కుబడిగా. అందుకే ఎక్కడి నుంచైనా, ఏ నదికైనా వాడుకోగలిగే వాటిని మాత్రమే తీసుకుని, ఏది ఎందుకు తెరవాలో, దేన్ని చూసి అనవసరంగా టెన్షన్ పడక్కర్లేదో రాస్తున్నా. ఏ సైటు తెరిచినా నేను చూసేవి రెండే: ఈ అంకె ఎప్పటిది, ఈ రంగు దేంతో పోల్చి వేశారు. ఈ రెండిటికీ జవాబు దొరకకపోతే మ్యాపు ఎంత అందంగా ఉన్నా మూసేయడమే.

వానతో మొదలుపెడదాం. ఫోన్‌లోని వెదర్ యాప్ నిన్న ఇన్ని మిల్లీమీటర్లు పడింది అని చూపిస్తే అదేదో కొలిచిన వాన అనుకుంటారు. చాలా యాప్‌లలో అది కంప్యూటర్ మోడల్ లెక్కగట్టిన వాన, ఎవరో రెయిన్ గేజ్ పెట్టి కొలిచింది కాదు. కొలతకు దగ్గరగా ఉండేది కావాలంటే నాసా వాళ్ల ఐమెర్గ్ చూడాలి. 2014లో నాసా, జపాన్ అంతరిక్ష సంస్థ జాక్సా కలిసి పంపిన జీపీఎం ఉపగ్రహాన్ని కొలబద్దగా పెట్టుకుని, మిగతా దేశాల ఉపగ్రహాలు పంపేదంతా కలిపి, సుమారు పది కిలోమీటర్ల గడికి ఒకటి చొప్పున అరగంటకోసారి వాన లెక్క ఇస్తుంది. ఇది మూడు వాయిదాల్లో వస్తుంది. ఎర్లీ అనేది సుమారు 4 గంటల్లో, లేట్ అనేది సుమారు 14 గంటల్లో, ఫైనల్ అనేది మూడున్నర నెలలకు. ఫైనల్‌లో నేల మీది గేజ్‌ల నెలవారీ రీడింగులు కలుస్తాయి కాబట్టి ఏ సీజన్‌లో ఎంత పడిందో లెక్క తేల్చడానికి అదే వాడాలి. ఎర్లీ చూసి మొత్తం వర్షపాతం మీద వాదనకు దిగే వాళ్లతో మాట్లాడి లాభం లేదు.

దీని బలహీనత కూడా తెలిసుండాలి. నేల మీద కురిసే వానను ఉపగ్రహాల్లోని మైక్రోవేవ్ సెన్సార్లు ఎక్కువగా మేఘం పైభాగంలోని మంచు కణాలను బట్టే పసిగడతాయి. కొండలకు తగిలి, పెద్దగా మంచు లేని పొట్టి మేఘాల నుంచి ధారగా కురిసే వాన ఉంటుంది చూడండి, అది దానికి సగం కూడా కనపడకపోవచ్చు. ఆ ఉపగ్రహాలు పైన లేని సమయాల్లో ఇన్‌ఫ్రారెడ్‌తో పూరిస్తారు, అదేమో మేఘం పైన ఎంత చల్లగా ఉందో మాత్రమే చూస్తుంది, కాబట్టి వాన లేని పల్చటి ఎత్తు మేఘాలను కూడా వానగా లెక్కేసే ప్రమాదం ఉంది. నది పుట్టేదే కొండల్లో అయితే పరీవాహక ప్రాంతం వాన అంకెను అనుమానంతోనే చూడాలి. అలాగని గేజ్ దేవుడు కాదు. తొట్టి నిండగానే ఒరిగిపోయే రకం గేజ్‌లలో సాధారణంగా ఒరుగుకు 0.2 మిల్లీమీటర్లు లెక్క, కుండపోతలో ఆ ఒరిగే క్షణంలో కొంత నీరు లెక్కకు రాదు, ఈదురుగాలి ఉంటే చినుకులు మూతిలో పడకుండా పక్కకు పోతాయి. ఆకులు అడ్డం పడితే ఇక చెప్పేదే లేదు.

ఐమెర్గ్‌ను చూడటానికి నాసా వరల్డ్‌వ్యూ బాగుంటుంది, తేదీ జరుపుకుంటూ పోవచ్చు. ఒక ప్రాంతం మొత్తానికి సగటు వాన గ్రాఫు కావాలంటే జియోవన్ని. గడి గీసి, తేదీలు ఇచ్చి, కాసేపు ఆగితే గీత వస్తుంది. పని బ్రహ్మాండం, ముఖం మాత్రం పాతికేళ్ల కిందటి వెబ్‌సైటుది. లాగిన్ అడుగుతుంది, కానీ ఉచితమే. కరవు సంగతి చూసేవాళ్లకు మాత్రం చర్ప్స్ మేలు. కాలిఫోర్నియా యూనివర్సిటీ శాంటా బార్బరా వాళ్లది, 1981 నుంచి రికార్డు ఉంది కాబట్టి మామూలు కంటే తక్కువ అన్నప్పుడు ఆ మామూలు ఏమిటో దానికి తెలుసు. తుఫాను వేళ గంటగంటకు చూడటానికి మాత్రం అది కాదు.

ఇక నదులు. అసలు పోటీ ఇక్కడే, యూరోపియన్ యూనియన్ భూపరిశీలన కార్యక్రమం కోపర్నికస్ వాళ్ల గ్లోఫాస్‌కీ గూగుల్ ఫ్లడ్ హబ్‌కీ మధ్య.

గ్లోఫాస్ 2018 నుంచి పూర్తి స్థాయిలో నడుస్తోంది. యూరప్ వాతావరణ కేంద్రం ఈసీఎమ్‌డబ్ల్యూఎఫ్ ఇచ్చే 51 రకాల వాతావరణ అంచనాలను ఒక నీటి మోడల్‌లోకి పంపి, 30 రోజుల దాకా ప్రవాహం ఎలా ఉండొచ్చో రోజూ గీస్తుంది. మ్యాపు మీద రంగు గుర్తులు కనపడతాయి. సగటున రెండేళ్లకోసారి వచ్చే ప్రవాహం దాటే అవకాశం ఉంటే పసుపు, అయిదేళ్లదైతే ఎరుపు, ఇరవయ్యేళ్లదైతే ఊదా. నొక్కితే గ్రాఫు తెరుచుకుంటుంది. చాలామంది తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. ఆ రెండేళ్లు, అయిదేళ్లు, ఇరవయ్యేళ్ల గీతలు నది ఒడ్డున కొలిచిన రికార్డు నుంచి వచ్చినవి కావు, అదే మోడల్‌ను పాత వాతావరణంతో దశాబ్దాల వెనక్కి నడిపి తీసినవి. అంటే మోడల్ తన గతంతోనే తన రేపటిని పోల్చుకుంటోంది. ఇది లోపం అనిపిస్తుంది కానీ నా దృష్టిలో దీంట్లో ఉన్న తెలివైన పని ఇదే. ఫలానా నదిలో మోడల్ ఎప్పుడూ ప్రవాహాన్ని తక్కువగా చూపిస్తుందనుకోండి, గీతలు కూడా అంతే కిందికి ఉంటాయి, కాబట్టి హెచ్చరిక చాలావరకు సరిగ్గానే వస్తుంది. అంకె మాత్రం తప్పుగా ఉంటుంది. అందుకని గ్లోఫాస్‌లో రంగును నమ్మండి, సెకనుకు ఇన్ని ఘనపు మీటర్లు అన్న అంకెను పట్టుకుని 35.3తో గుణించి ఇన్ని వేల క్యూసెక్కులు (సెకనుకు ఘనపుటడుగులు) వస్తున్నాయని స్టేటస్ పెట్టకండి.

ఇంకోటి, 51 గీతలు ఎందుకు గీశారో చూడకుండా మధ్య గీత ఒక్కటే చూసేవాళ్లున్నారు. గీతలన్నీ ఒక్కచోట గుమిగూడి ఉంటే నమ్మకం ఎక్కువ, వింజామరలా విచ్చుకుపోయి ఉంటే మోడల్‌కే తెలియదన్నమాట. వారం దాటాక దాదాపు ఎప్పుడూ విచ్చుకునే ఉంటాయి. 30 రోజుల అంచనా అన్నది ధోరణి చూసుకోవడానికే, ఆ తేదీ ఈ తేదీ అని పెట్టుకోవడానికి కాదు.

ఫ్లడ్ హబ్ దారి వేరు. భౌతిక సమీకరణాల బదులు, ప్రపంచంలోని వేలాది నదీ గేజ్‌ల (ప్రవాహం కొలిచే కేంద్రాల) పాత రికార్డుల మీద నేర్పించిన ఏఐ మోడల్ అది. ఏడు రోజుల దాకా చెబుతుంది. 2024లో నేచర్ పత్రికలో గూగుల్ పరిశోధకులు రాసిన దాని ప్రకారం అయిదు రోజుల ముందు వీళ్లు ఇచ్చే అంచనా, అప్పటి గ్లోఫాస్ అదే రోజుకు ఇచ్చే దానితో సమానంగానో ఇంకా మేలుగానో ఉంది. సొంత సరుకును సొంతవాళ్లు మెచ్చుకోవడమే కదా అనొచ్చు, కానీ గేజ్‌లు లేని నదుల మీద కూడా పరీక్ష పెట్టి చూపించారు కాబట్టి తీసిపారేయలేం. వాడటం కూడా తేలిక. తెరిచి, చుక్క మీద నొక్కితే మామూలు, హెచ్చరిక, ప్రమాదం, తీవ్ర ప్రమాదం అని రంగుల్లో చెప్పేస్తుంది, కొన్నిచోట్ల ఏ మేర మునుగుతుందో మ్యాపు కూడా ఇస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఫోన్‌లో ఏదైనా ఒకటి చూపించాలంటే నేను ఇదే చూపిస్తా. ఎందుకు అలా చెబుతోందో తెలుసుకోవాలంటే మాత్రం గ్లోఫాస్‌కే పోవాలి, ఫ్లడ్ హబ్ జవాబు చెబుతుంది కానీ లెక్క చూపించదు.

రెండిటికీ ఒకే చోట దెబ్బ పడుతుంది, డ్యామ్ కింద. పైన ఎంత వాన పడిందో, ఎంత ఇన్‌ఫ్లో వస్తోందో మోడల్ ఊహించగలదు. గేట్లు ఎప్పుడు ఎత్తుతారో ఎలా ఊహిస్తుంది? అది కంట్రోల్ రూమ్‌లో మనుషులు తీసుకునే నిర్ణయం. జలాశయం ఖాళీగా ఉంటే పై వరదంతా అందులోనే ఆగిపోయి కింద చుక్క రాకపోవచ్చు, నిండుగా ఉంటే చిన్న వరదకే గేట్లు లేస్తాయి. కాబట్టి డ్యామ్‌కు దిగువన ఉండేవాళ్లు ఈ రెండు సైట్లనూ డ్యామ్‌లోకి రాబోయే ఇన్‌ఫ్లో కోసం వాడుకోవాలి, తమ దగ్గరి నీటిమట్టం కోసం కాదు.

కొలిచిన ప్రవాహం రికార్డు కావాలనుకుంటే జర్మనీలోని కోబ్లెంజ్‌లో ఉన్న జీఆర్‌డీసీ ఉంది, ప్రపంచ వాతావరణ సంస్థ అండతో 1988 నుంచి నడుస్తోంది. పాత చరిత్రకు బంగారం, ఈ రోజు సంగతికి పనికిరాదు, పైగా చాలా దేశాలు డేటా ఇవ్వడంలో పిసినారులు.

నిల్వ దగ్గరికొస్తే అసలు తలనొప్పి. జలాశయంలో ఇంత శాతం నీరుంది అనే అంకె అన్నిటికంటే ఎక్కువగా షేర్ అవుతుంది, అన్నిటికంటే తక్కువగా అర్థమవుతుంది. ఒక జలాశయం మొత్తం సామర్థ్యం 100 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), అందులో డెడ్ స్టోరేజీ, అంటే అడుగున ఉండి వాడుకోలేని నీరు, 20, ఇప్పుడున్నది 60 అనుకోండి. మొత్తం మీద చూస్తే 60 శాతం. వాడుకోగలిగే నీటి మీద చూస్తే 80లో 40, అంటే 50 శాతం. రెండూ నిజమే, ఏది చెబుతున్నారో రాయకపోతే రెండూ పనికిరావు. పైగా ఆ వంద అనేది ఎప్పటి సర్వేదో కూడా చూడాలి, ఆ తర్వాత చేరిన పూడిక లెక్కలో లేకపోతే కాగితం మీద ఉన్న నీరు జలాశయంలో ఉండదు.

ఉపగ్రహాలు దీన్ని తీరుస్తాయనుకుంటే సగమే తీరుస్తాయి. అవి నీటిమట్టాన్నీ నీటి విస్తీర్ణాన్నీ చూడగలవు, అడుగును చూడలేవు. అందుకే మొత్తం నిల్వ కంటే నిల్వలో మార్పునే ఎక్కువ నమ్మకంగా చెప్పగలవు. 100 చదరపు కిలోమీటర్ల జలాశయం మట్టం ఒక మీటరు పెరిగితే 10 కోట్ల ఘనపు మీటర్లు చేరినట్టు, అంటే సుమారు మూడున్నర టీఎంసీలు. రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ. ఈ రెండూ గుర్తుంటే పత్రికల్లో వచ్చే అంకెల్లో సగం మీరే సరిచూసుకోవచ్చు.

మట్టం కోసం అమెరికా వ్యవసాయ శాఖ, నాసాల జీ-రియల్మ్ ఉంది, 1992 నుంచి వరసగా వచ్చిన ఆల్టిమీటర్ (పైనుంచి నీటిమట్టం ఎత్తు కొలిచే) ఉపగ్రహాల రికార్డు, పది రోజులకోసారి. కానీ ఉపగ్రహం దారి కింద పడిన పెద్ద జలాశయాలకే ఆ భాగ్యం. ఆ ఇరుకును దాటించింది స్వాట్. నాసా, ఫ్రాన్స్ అంతరిక్ష సంస్థ కలిసి 2022 డిసెంబరు 16న పంపిన ఈ ఉపగ్రహం గీతలా కాకుండా 120 కిలోమీటర్ల వెడల్పు పట్టీలా చూస్తుంది, 250 మీటర్ల పొడవు వెడల్పుల చెరువు దాకా, 100 మీటర్ల వెడల్పు నది దాకా పట్టుకునేలా చేశారు. ఒక చదరపు కిలోమీటరుకు మించిన చెరువుల్లో 10 సెంటీమీటర్ల తేడాలోపు మట్టం చెప్పాలన్నది వాళ్లు పెట్టుకున్న లక్ష్యం. తిరిగి అదే దారికి రావడానికి 21 రోజులు పడుతుంది కాబట్టి వరద వేళ రోజువారీ కబురు దీని నుంచి ఆశించొద్దు. డేటా ఫైళ్లతో కుస్తీ పట్టలేనివాళ్లు ఫ్రెంచివాళ్ల హైడ్రోవెబ్‌లో గ్రాఫు రూపంలో చూసుకోవచ్చు.

విస్తీర్ణానికి నాకు నచ్చింది కోపర్నికస్ బ్రౌజర్. కోపర్నికస్ ఉపగ్రహం సెంటినెల్-2 బొమ్మలు 10 మీటర్ల స్పష్టతతో, నీటిని వేరుచేసి చూపే సూచిక ఒక్క క్లిక్కుతో. వానాకాలంలో మబ్బే కనపడుతుంది, నీళ్లు కనపడవు, అప్పుడు సెంటినెల్-1 రాడార్‌కు మారాలి. దానికి మబ్బు అడ్డం కాదు, కానీ గాలికి నీటి మీద అలలు లేస్తే నేలో నీరో తేల్చుకోలేదు, గుర్రపుడెక్క అల్లుకున్న చెరువైతే రెండూ చేతులెత్తేస్తాయి.

గ్రేస్ (అది 2017లో ఆగిపోయింది, ఇప్పుడు తిరుగుతున్నది దాని వారసుడు గ్రేస్-ఎఫ్‌ఓ) గురించి ఒక్కమాట, ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి. సుమారు 220 కిలోమీటర్ల దూరంలో ఒకదాని వెనక ఒకటి తిరిగే జంట ఉపగ్రహాలు భూమి ఆకర్షణలో తేడాను బట్టి నేల మీదా లోపలా ఉన్న మొత్తం నీరు ఎంత పెరిగిందో తగ్గిందో నెలకోసారి చెబుతాయి. పెద్ద నదీ పరీవాహకానికి, భూగర్భ జలాల తరుగుదలకు అద్భుతం. మీ చెరువు సంగతి దాన్ని అడగొద్దు, దాని చూపు వందల కిలోమీటర్ల మీద.

ఇంతా చెప్పాక, జలాశయం నిర్వహించేవాళ్లు రోజూ పెట్టే బులెటిన్‌కు ఈ ఉపగ్రహాలేవీ సాటిరావు. మట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో, గేట్లు ఎన్ని ఎత్తారు అన్నది దాంట్లోనే ఉంటుంది. నేను చూసిన వాటిలో చాలావరకు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు, రీడింగ్ ఏ గంటదో ఉండదు, ఇవాళ్టిది పెట్టగానే నిన్నటి ఫైలు తొలగిపోతుంది. ఉదయం ఎన్నింటికి తీశారో రాసి, పాత రోజులవి కూడా ఉంచి, మామూలు సీఎస్‌వీ (అంకెల పట్టిక) ఫైలుగా పెడితే గ్రాఫులు మేమే గీసుకుంటాం, రంగుల మ్యాపు ఎవరూ అడగడం లేదు.